ఇవ్వని బ్యాటరీ

జనవరి పదకొండు, ఆదివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. ఆ నిమిషానికి మా గోడ అవతల జీపు స్టార్టు కాలేదు.

భోపాల్‌పట్నంలో నా విత్తనాల దుకాణానికి వెనక గోడ ఏదో, ఆమె పెరటికి ముందు గోడ అదే. పందొమ్మిదేళ్ళుగా నేను గడియారం సరిచూసుకున్నది ఆ గోడ అవతలి చప్పుళ్ళతోనే. మొదట బానెట్ ఎత్తిన కిర్రు. తర్వాత పానా ఇనుముకు తగిలిన చిన్న మోత. బానెట్ మూసిన చప్పుడు. ఆపైన ఒకే ఒక్క సెల్ఫు, దాని వెంటే ఇంజను. వాన పడుతున్నా, బంద్ నడుస్తున్నా, ఆమె ఒళ్ళు జ్వరంతో కాలిపోతున్నా ఆ వరుస తప్పలేదు. ఆ ఆదివారం నేను నోట్లో బ్రష్ పెట్టుకుని గోడ దగ్గరే నిలబడిపోయాను. ఆరూ పదిహేనుకు నా భార్యను పిలిచి, "అక్క పోయినట్టుంది, వెళ్ళి చూడు," అన్నాను. ఇంజను మోగకపోవడం తప్ప నా దగ్గర మరో ఆధారం లేదు. అది చాలింది. ఆమె నిద్రలోనే పోయింది.

ఊరు ఆమెను జీపక్క అనేది. అసలు పేరు నాకు తెలుసు, కానీ ఇక్కడ రాయను. ఆ పేరుతో పిలిస్తే ఆమె ఏనాడూ పలకలేదు.

పోయినవారి గురించి రాసేటప్పుడు అందరికీ తలలో నాలుకలా మెలిగారని రాయడం మర్యాద. ఆ మర్యాద నేను పాటించబోవడం లేదు. ఆమె ఎవరి తలలోనూ నాలుక కాదు. మొండి మనిషి అని ఊరంతా అన్నది. ఊరు అన్నది నిజం. ఆ నిజాన్ని మెత్తబరచి, నాలుగు మంచి మాటల్లో చుట్టి అప్పజెప్పడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఆ మొండితనం ఎలా ఉండేదో ఉన్నదున్నట్టు రాస్తాను.

పొడుగు మనిషి. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడిగేది. చెప్పులు సీటు కింద విడిచి, ఉత్త కాళ్ళతో నడిపేది. నడుముకు ఒక నల్లదారం, ఆ దారానికి జీపు తాళం, పదో నంబరు పానా. ఆమె సందు మలుపులో ఉండగానే ఆ రెండూ ఒకదానికొకటి తగిలే చప్పుడు ముందు వచ్చేది. బేరం హిందీలో ఆడేది, తిట్టు మా అడవి పల్లెల దోర్లీలో తిట్టేది, బ్యాటరీతో మాత్రం తెలుగులో మాట్లాడేది. భర్త నడిపిన జీపు అది. ఆయన పోయిన నెలకు స్టీరింగు ముందు ఆమె కూర్చుంది. మా జిల్లా కేంద్రం బీజాపూర్ దాకా సవారీలు, తునికాకు రోజుల్లో కూలీలు, నొప్పులు పడుతున్న ఆడవాళ్ళు, అంగడికి పోయే మేకలు, ఎవరు పిలిచినా జీపు కదిలేది. కదలాలి కాబట్టి బ్యాటరీ బతికి ఉండాలి. ఆమె దినచర్య మొత్తం ఈ రెండు వాక్యాల మధ్యే నడిచేది.

జీపు పాతది. దాని వైరింగులో ఎక్కడో కరెంటు కారిపోయేది. బీజాపూర్ మెకానిక్‌లు వెతికి వెతికి వదిలేశారు. అలాగే నిలిపి ఉంచితే రెండు రోజుల్లో బ్యాటరీ చచ్చేది. అందుకని ప్రతి సాయంత్రం ఆమె బానెట్ ఎత్తి మైనస్ తీగ విప్పేది, పొద్దున మళ్ళీ బిగించేది. స్టార్టు చేసే ముందు లైట్లు, ఫ్యాను, పాటలు అన్నీ ఆపించేది. క్లచ్ పూర్తిగా తొక్కి ఒక్కసారి సెల్ఫు కొట్టేది. ఇంజను అందుకోకపోతే వెంటనే మళ్ళీ కొట్టేది కాదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. వెనక జనం తొందరపెట్టేవారు.

"కొట్టక్కా, ఇంకోపాలి కొట్టు. బజారు టైమ్ అయితాంది."

"నీకు ఊపిరాడకుంటె నోట్లె బువ్వ కుక్కుతరా? దమ్ము తీస్కోనియ్యి దాన్ని."

ఫోను ఛార్జింగుకు పెట్టబోయినవాడి చేతి మీద చరిచేది. "ఇది మీ అత్తగారిల్లా? ఇంజను నడిచేటప్పుడు పెట్టుకో, ఆపినంక ముట్టుకున్నవంటె దింపేస్త." ఒకసారి దారిలో తనిఖీకి ఆపిన జవాను "గాడీ బంద్ కరో" అన్నాడు. "బంద్ జేస్త తమ్మీ. చాలూ కాకుంటె ధక్కా మాత్రం నువ్వే ఇయ్యాలె," అన్నది. జవానుకు తెలుగు రాదు. పక్కనున్నవాడు హిందీలో చెబితే ఇద్దరూ నవ్వారు. జీపు మొదటి సెల్ఫుకే స్టార్టయింది. ఆ తర్వాత ఆ జవాను ఎప్పుడు కనబడినా రెండు చేతులూ ముందుకు చాపి ధక్కా ఇస్తున్నట్టు చూపించేవాడు. ఆమె చూడనట్టే పోయేది.

సవారీలు లేని రోజున ఖాళీ జీపుతో ఇంద్రావతి మీది తిమేడ్ వంతెన దాకా వెళ్ళి వచ్చేది. ఉన్నచోటే నిలబెట్టి కాసేపు ఇంజను తిప్పితే, స్టార్టు చేయడానికి ఖర్చయిన ఛార్జి కూడా తిరిగి రాదనీ, బండి దారిన పడి నడిస్తేనే బ్యాటరీ నిండుతుందనీ ఆమె పట్టుదల. డీజిలు తగలేస్తోందని ఊరు నవ్వేది. టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు అడిగేవారు:

"ఎవరిని దింపి వస్తున్నవక్కా?"

"బ్యాటరీని షికారు తిప్పుకొస్తున్న. నీలెక్క కూసున్న కాడ దాని కడుపు నిండదు."

వేసవిలో పెరట్లోని తాటాకు పాక జీపుది, ఎండలో మంచం ఆమెది. "ఎండకు నేను నల్లబడ్త, అది చస్తది," అనేది. వారానికోసారి మూతలు విప్పి నీళ్ళు పలకల పైదాకా ఉన్నాయో లేదో చూసేది. బ్యాటరీ నీళ్ళ సీసా దేవుడి గూట్లో, పసుపు డబ్బా పక్కన ఉండేది. టెర్మినళ్ళకు తెల్లపూత పడితే వేడినీళ్ళలో తినేసోడా కలిపి పాత పళ్ళబ్రష్షుతో రుద్ది, ఆరాక వేజిలిన్ పూసేది. ఆమె మడమల పగుళ్ళకూ అదే డబ్బా. ముందు వంతు బ్యాటరీది.

ఆమెకు అన్నీ సరిగ్గా తెలుసని నేను అనడం లేదు. విప్పిన బ్యాటరీని వట్టి నేల మీద పెడితే భూమి ఛార్జి తాగేస్తుందని ఆమె నమ్మకం. టేకు పలక పరచనిదే దించనిచ్చేది కాదు. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు ఆ భయం లేదని నేను చెప్పాను. పుస్తకం తెచ్చి చదివి కూడా వినిపించాను. ఆమె అడ్డు రాకుండా మొత్తం విన్నది.

"మంచిగ జెప్పినవ్ తమ్మీ. ఆ పలక ఇటియ్యి," అన్నది.

తనకన్నా చిన్నవాడైన ప్రతి మగవాడూ ఆమెకు తమ్మీయే. నేనూ, జవానూ, టీ కొట్టువాడూ అందరం. ఈ పిలుపు సంగతి తర్వాత అవసరమవుతుంది కాబట్టి ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

మా వైపు పల్లెల్లో బ్యాటరీ అడగడం అగ్గిపుల్ల అడిగినంత మామూలు. స్తంభాలు పాతారు, తీగలు లాగారు. గాలి లేస్తే చాలు కరెంటు పోతుంది. అప్పుడు పెళ్ళి మైకుకో, పండుగ టీవీకో, ఊరందరి ఫోన్లకో దగ్గరలో ఉన్న బండి బ్యాటరీ విప్పుకుపోతారు. బండిగలవాడు కాదనడు. మర్నాడు మధ్యాహ్నానికి ఖాళీ బ్యాటరీ, దానితోపాటు ఆకులో చుట్టిన విందుకూర తిరిగి వస్తాయి. తర్వాత ఊరు ఊరంతా కేకలు వేసుకుంటూ బండిని నూకుతుంది. ఆ నూకడం కూడా పెళ్ళి సంబరంలో భాగమే. ఇలా అరువుకు తిరిగి తిరిగి ఒక వేసవిలోనే పాడైపోయిన కొత్త బ్యాటరీలు నేను చూశాను. వాటి యజమానులు కూడా విచారించలేదు. కాదనడం కంటే పాడవడం తేలిక. కాదంటే చుట్టరికం తెగుతుంది.

జీపక్క కాదనేది. గంపలడిగితే ఇచ్చేది, గోనెసంచులడిగితే ఇచ్చేది, బియ్యమడిగితే కొలవకుండా పోసేది. "జీపు గావాల్నా, తోల్కపో. నేను గావాల్నా, వస్త. బ్యాటరీ అడగకు," అనేది.

కాదన్నవారికి ఏదో బలమైన కారణం ఉండితీరాలని లోకం కోరుకుంటుంది. ఊరు ఒక కథ తయారు చేసుకుంది: వెనకటికి భర్త ఎవరికో బ్యాటరీ ఇచ్చాడనీ, ఆపదవేళ జీపు కదలక ఆయన ప్రాణం పోయిందనీ. వినడానికి బాగుంది. ఒక అంగడి రోజు నా దుకాణంలోనే ఒకాయన ఆమె ముందు ఆ కథ చెప్పి, జాలిగా తల ఆడించాడు. ఆమె విత్తనాల సంచి కింద పెట్టింది.

"మా ఆయన పొలంల ఎడ్ల కాడ కూలిండు. జీపు ఇంటికాడ మంచిగనే ఉండె. నీకెవరు జెప్పిండ్రు ఈ సోది?"

"మరెందుకమ్మా ఇయ్యవు?"

"మొగోడు వద్దంటె వద్దని ఊకుంటరు. నేను వద్దంటె కథ గావాలె మీకు. వద్దంటె వద్దు. గంతే."

ఇంతవరకూ నవ్వుకుని ఊరుకోవచ్చు. ఆ మాటకు ఆమె చెల్లించుకున్నది ఏమిటో నేను చూసింది ఏడేళ్ళ కిందట, ఆమె తమ్ముడి ఊళ్ళో, ఆ తమ్ముడి కూతురి పెళ్ళిలో.

ఆమెకు తోబుట్టువు అతనొక్కడే. రోడ్డు దిగి అడవి దారిన కాస్త లోపలికి పోతే అతని ఊరు, వ్యవసాయం. ఆ రోజు పెళ్ళికి నేనూ ఆమె జీపులోనే వెళ్ళాను. పొద్దు గూకే వేళకు గాలిదుమారం లేచి కరెంటు పోయింది. మైకుసెట్టువాడి సొంత బ్యాటరీ రెండు పాటలకే చచ్చింది. మగపెళ్ళివారు చాపల మీద చప్పుడు లేకుండా కూర్చున్నారు. మైకు లేని పెళ్ళా అని వాళ్ళలో ఎవరో అన్నారు. ఆ మాట తమ్ముడి చెవిన పడింది. నేను చూసేసరికి ఇద్దరు కుర్రాళ్ళు జీపు బానెట్ ఎత్తి నిలబడ్డారు. అతను నేరుగా అక్క దగ్గరికి వచ్చాడు.

"అక్కా, పానా ఇయ్యి."

"ఎందుకు?"

"ఎందుకేంది? మైకుకు."

"ఎలుగు గావాల్నా? జీపు పందిరి ముందల పెడ్త. ఇంజను మీద లైట్లేస్త. తెల్లారేదాంక అయినా డీజిలు నాది."

"ఎలుగు ఎవరడిగిండ్రు? బ్యాటరీ అడుగుతున్న."

"అది ఇయ్య."

"నా బిడ్డ పెండ్లక్కా."

"నా మేనకోడలి పెండ్లి. అయినా ఇయ్య."

మగపెళ్ళివారి పెద్దమనిషి ఒకాయన నవ్వుతూ అందుకున్నాడు. "ఏందమ్మా, బంగారమా అది? మెడల ఏసుకోకపోయినవు."

"మెడల గాదు పెద్దనాయినా, నడుముకున్నది పానా. కావాల్నంటె వచ్చి తీస్కో."

జనం పకపకా నవ్వారు. ఆ నవ్వే పని చెడగొట్టింది. తమ్ముడి ముఖం మాడిపోయింది. అతను గొంతు తగ్గించి, పక్కనున్న నాకు మాత్రమే వినబడేంత మెల్లగా అన్నాడు: "ఇయ్యాల నువ్వియ్యకుంటె మళ్ళ నా గడప తొక్కకు. నా మొకం సూడకు."

ఆమె అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు; సంచి తూకం వేసి చూసే మనిషి చూపు అది. తర్వాత లేచి జీపు దగ్గరికి నడిచింది. కుర్రాళ్ళు తప్పుకున్నారు. రెండు చేతులతో బానెట్ మూసింది. స్టార్టు చేసి, జీపును తిప్పి, లైట్లు పందిరి మీద పడేలా నిలిపింది. లైట్ల భారం బ్యాటరీ మీద పడకుండా యాక్సిలరేటరు మీద కాలు ఆనించి కూర్చుంది. ఆ వెలుగులో ఆడవాళ్ళు డోలు తెప్పించుకుని పాడారు, చేతులు పట్టుకుని ఆడారు. నా లెక్కకు మైకు ఉంటే అంత బాగుండేది కాదు. కానీ నా లెక్క ఎవరూ అడగలేదు. పెళ్ళి అయిందాకా ఆమె కాలు తీయలేదు, దిగలేదు, విందు తినలేదు. పెళ్ళికూతురే జీపు దగ్గరికి వచ్చి మేనత్త కాళ్ళ కోసం వంగితే, కాలు యాక్సిలరేటరు మీద ఉంది. మేనత్త ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టింది.

తిరుగుదారిలో నేను ఉండబట్టలేక అడిగాను. "అక్కా, ఒక్క సాయంత్రం ఇస్తే ఏమయ్యేది?"

"ఏం గాకపోవు."

"మరి?"

"ఏం గాకపోతె ఇయ్యాల్నా, సేటూ?"

సేటూ. నేను దుకాణదారునే, ఆ మాటలో తప్పు లేదు. మర్నాడు టీ కొట్టువాణ్ణి కూడా అతని కొట్టు పేరుతోనే పిలిచింది. ఆ పెళ్ళి తర్వాత ఆమె ఏ మగవాణ్ణీ తమ్మీ అనగా నేను వినలేదు.

తమ్ముడు మాట మీద నిలబడ్డాడు. అక్కకు తగిన తమ్ముడే. అంగడి రోజున రోడ్డు మలుపులో, తన ఊరి దారి కలిసేచోట, బస్సు కోసమో ఇతరుల బండి కోసమో ఎండలో నిలబడేవాడు. ఆమె జీపు అక్కడికి వచ్చి ఆగేది. ఇంజను ఆపేది కాదు. "ఎక్కు" అనేది కాదు. అతను అడవి వైపు చూసేవాడు, ఆమె రోడ్డు వైపు చూసేది. కొంతసేపు చూసి గేరు వేసేది. ఏడేళ్ళలో ఒక్క అంగడి రోజు కూడా ఆ ఆగడం తప్పలేదు, ఆ ఎక్కకపోవడం కూడా తప్పలేదు. ఒకనాడు పక్కసీటులో ఉన్న నేను అన్నాను, "ఒక్క మాట నువ్వే అనరాదా?"

"ఆగుతున్న గద," అన్నది.

ఆ పెళ్ళికూతురు మాత్రం భోపాల్‌పట్నానికే కాపురానికి వచ్చింది. తండ్రి కోపం తనకు అంటించుకోలేదు. కొన్ని ఉదయాలు తిమేడ్ వంతెన వైపు పోతున్న జీపులో స్టీరింగు ముందు ఆ పిల్ల, పక్కన మేనత్త కనబడేవారు.

ఇక ఆ ఆదివారం. కబురు వెళ్ళిన వెంటనే తమ్ముడు వచ్చాడు. పెరట్లోకి వచ్చాడు కానీ లోపలికి రాలేదు. తాటాకు పాక గుంజ దగ్గర, జీపు పక్కన, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. శవానికి స్నానం చేయించిన ఆడవాళ్ళు నడుము దారం విప్పి తాళం, పానా మేనకోడలి చేతిలో పెట్టారు. దూరపు చుట్టాల కోసం సాయంత్రం దాకా ఆగవలసి వచ్చింది. వారు దిగే వేళకు వెలుగు తగ్గింది, అప్పుడే కరెంటు పోయింది. పాడె కట్టడం సగంలో ఉంది. టెంటు సామాను తెచ్చిన కుర్రాడు, చెడ్డవాడు కాదు, పనిమంతుడు, చుట్టూ చూశాడు.

"జీపు బ్యాటరీ ఉన్నది గద. ఇప్పి బల్బు పెడ్దాం. ఇప్పుడు వద్దనేటోళ్ళెవరున్నరు?"

"నేనున్న," అన్నాడు తమ్ముడు.

లేచి వచ్చి బానెట్‌కు వీపు ఆనించి నిలబడ్డాడు.

"మీ అక్కకే గద మామా ఎలుగు. పోయేటప్పుడన్న..."

"వద్దంటె వద్దు."

"ఎందుకు?"

"ఎందుకో జెప్పాల్నా నీకు?"

అతను కూతురి వైపు చెయ్యి చాపాడు. ఆమె పానా ఇచ్చింది. బానెట్ ఎత్తి, తడుముకుంటూ, మైనస్ తీగ తనే బిగించాడు. ఆ పని అతనికి అలవాటు లేదు. పానా రెండుసార్లు జారింది. అయినా ఎవరినీ ముట్టనివ్వలేదు. కూతురు స్టీరింగు ముందు కూర్చుని, చెప్పులు విడిచి, క్లచ్ తొక్కి ఒక్కసారి సెల్ఫు కొట్టింది. ఇంజను అందుకుంది. పాక లోంచి జీపును ముందుకు తెచ్చి, లైట్లు పాడె మీద పడేలా నిలిపింది. యాక్సిలరేటరు మీద కాలు ఆనించి ఉంచింది.

అప్పుడు తమ్ముడు అవతలి తలుపు తీసి, జీపు ఎక్కి, పక్కసీటులో కూర్చున్నాడు. పాడె కట్టడం పూర్తయిందాకా అలాగే కూర్చున్నాడు. చూపు మాత్రం ఈసారి పక్కకు తిప్పలేదు.

శ్మశానం నుంచి తిరిగివస్తూ కూడా ఇద్దరు ముగ్గురు అన్నారు: ఆ రోజే ఇచ్చి ఉంటే ఏడేళ్ళు కలిసి ఉండేవారు కదా, ఎవరికి లాభం ఈ పంతం వల్ల అని. వారికి నా జవాబు ఇది. ఇచ్చి ఉంటే ఆ చుట్టరికం మరో బ్యాటరీ దాకా నిలిచేది. ఇవ్వకపోవడానికి ఆమె చెల్లించింది. చెల్లించేటప్పుడు ఎవరి జాలీ అడగలేదు. లాభం చూసి నిలబడటాన్ని బేరం అంటారు. బేరం ఆమెకు వచ్చు, నా దుకాణంలో ఆడేది. అది మాత్రం బేరం కాదు.

లెక్క రాసి ముగిస్తాను.

పోయినవి: ఒక మనిషి. తమ్మీ అనే పిలుపు. అక్కాతమ్ముళ్ళ ఏడేళ్ళ అంగడి రోజులు. ఉదయం ఆరూ పది.

మిగిలినవి: జీపు. టేకు పలక. సగం వేజిలిన్ డబ్బా. దేవుడి గూట్లో బ్యాటరీ నీళ్ళ సీసా. పదో నంబరు పానా, మేనకోడలి నడుముకు. గోడ అవతల మోత ఇప్పుడు ఏడున్నరకు వస్తుంది. మేనకోడలికి బడికి పంపవలసిన పిల్ల ఉంది. గడియారం నేనే మార్చుకున్నాను. అంగడి రోజున రోడ్డు మలుపులో జీపు ఆగుతుంది, తమ్ముడు ఎక్కుతాడు.

బ్యాటరీ: మొన్న శుక్రవారం ఒకరు వచ్చి అడిగారు. ఇవ్వలేదు.